వస్తువు నిలిచెను, ఇల్లు కూలెను

హైదరాబాదులోని సాలార్జంగు ప్రదర్శనశాలను చూచి వచ్చినవారిని ఏమి చూచితిరని యడిగినచో, మొదట గడియారమును, పిమ్మట మేలిముసుగు రెబెకా విగ్రహమును చెప్పుదురు. ఆ వస్తువులుండిన యిల్లెక్కడ నని యడిగినచో బదులు రాదు.

ఆ యిల్లు దివాన్ దేవిడీ. నైజాము దివానులైన సాలార్జంగు వంశమువారి భవనముల సముదాయమది. అద్దాల ఐనాఖానాయు, పింగాణి పాత్రలతో గోడల నలంకరించిన చీనీఖానాయు నందే యుండెను. మూడవ సాలార్జంగు 1949లో మరణించిన పిమ్మట, 1951 డిసెంబరు 16వ తేదీన నెహ్రూగారు ఆ భవనమునందే ప్రదర్శనశాలను ప్రారంభించిరి. అంతవరకు పిలుపు లేనిదే గడప దాటజాలని సామాన్యుడు నాటినుండి తలయెత్తి లోన నడిచెను. సంస్కరణమనగా నిదియే గదా!

1968లో వస్తువులు మూసీయొడ్డున క్రొత్త కట్టడమునకు తరలినవి. పాత దేవిడీ కూలినది. ద్వారములు మాత్రము మిగిలినవి.

"నవాబుల భోగచిహ్నము పోయిన ప్రజలకు నష్టమేమి?" యని కొందరందురు. అట్లయినచో ఆ వస్తువులు భోగచిహ్నములు కావా? వానిని అద్దాల బీరువాలలో భద్రపరచి, ఇంటిని మాత్రమేల విడిచితిమి? పాత భవనమున చోటు చాలదందురు, అగ్నిభయమందురు. అది వస్తువులను తరలించుటకు కారణమగును గాని, ఇంటిని కూల్చుటకు కారణము కాదు.

పోయినది వైభవమొక్కటియే కాదు. బెంజోనీ చెక్కిన రెబెకాను మొదటి సాలార్జంగు 1876లో రోమునగరమున కొనెను. పాలరాతిలో పలుచని ముసుగును చూపిన ఆ శిల్పి నేర్పునకు మనము నేటికిని ముగ్ధులమగుచున్నాము. కాని ఘోషాలో బ్రతుకులు గడపిన నిజమైన స్త్రీల గదులెక్కడ? సేవకులు నడచిన నడవలెక్కడ? రాతిముసుగును కాపాడి, మనుష్యుల ముసుగునకు సాక్ష్యమైన గోడలను పోగొట్టుకొంటిమి. ప్రభువుల సొగసును మాత్రము మిగిల్చి, దానిని మోసినవారి జాడను చెరపిన చరిత్ర సగము చరిత్రయే.

చదువరులారా! మీ యింటి స్త్రీలను, పిల్లలను ప్రదర్శనశాలకు తప్పక తీసికొనిపొండు. గడియారము మ్రోగిన వెంటనే మరలి రాకుడు. దేవిడీ ద్వారముల కడకును వారిని నడిపించి, ఇచట నొక యిల్లుండెనని చెప్పుడు. నగరమున నింకను నిలిచియున్న దేవిడీలను కూల్పనీయక, వాని తలుపులు అందరికిని తెరువుడని గట్టిగా నడుగుడు. అడుగనివారికి రేపు ద్వారములు కూడ మిగులవు.