కొట్టేసిన వాక్యం

ఈ మధ్య ఒక విద్యార్థిని నా దగ్గరికి వచ్చింది. పర్యావరణ విధానం, సుస్థిర అభివృద్ధి గురించి పీజీ చేద్దామని దరఖాస్తు పెడుతోంది. ‘ఈ చదువు ఎందుకు ఎంచుకున్నారు?’ అన్న ప్రశ్నకు రెండు పేజీల జవాబు రాసుకొచ్చింది. భూతాపం, కర్బన ఉద్గారాలు, 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 లక్ష్యాలు - అన్నీ ఉన్నాయి. ఆ అమ్మాయి మాత్రం ఎక్కడా లేదు. మధ్యలో ఒక వాక్యం కొట్టేసి ఉంది: ‘ఫ్లోరైడ్ నీళ్లు తాగి మా అమ్మమ్మ నడుం వంగిపోయింది.’

ఎందుకు కొట్టేశావని అడిగాను. ‘అది మా ఇంటి గోడు కద మేడమ్, పాలసీ కాదు కద’ అంది. ఆమెది నల్గొండ జిల్లా, మునుగోడు వైపు పల్లె.

ఇంటి గోడు వేరు, విధానం వేరు అని ఆమెకు నేర్పింది మన చదువులే. నిజానికి ఆ నడుం వెనుక ఉన్నదంతా విధానమే. దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు పల్లెల్లో తాగునీటికి బోరుబావులే దిక్కయ్యాయి. నీటిలోని ఫ్లోరైడ్ తీసేయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఇంట్లో ఆ పద్ధతి పాటించాలంటే రోజూ పటిక కలపాలి, తిప్పాలి, మడ్డి దిగేదాకా ఆగాలి, తేటనీరు వంచుకోవాలి. ఈ చాకిరీ ఎవరిదో ఏ పథకమూ అడగలేదు. నీళ్లు మోసుకొచ్చిన చేతులకే ఇదీ చేరింది. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. అందరూ తిన్నాక మిగిలింది తినేది ఎవరో మనకు తెలుసు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా నీళ్లు తెచ్చింది, మంచిదే. కానీ వంగిన ఎముకలు మళ్లీ నిటారు కావు.

సుస్థిర అభివృద్ధికి అందరూ అప్పజెప్పే నిర్వచనం 1987 నాటి బ్రంట్‌లాండ్ నివేదికలోది. రాబోయే తరాల అవసరాలకు ముప్పు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం. దాని వెనకే ఉన్న మాట ఎవరూ చెప్పరు: పేదల కనీస అవసరాలకే అన్నిటికంటే ముందు చోటివ్వాలని కూడా ఆ నివేదిక అంటుంది. మన అమ్మాయి కొట్టేసిన వాక్యం సరిగ్గా అక్కడిదే.

అనుభవం ఒక్కటే సరిపోతుందని నేను అనడం లేదు. ఆమె భూగర్భ జలాల శాస్త్రం నేర్చుకోవాలి, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చదవాలి, బడ్జెట్ లెక్కలు విప్పిచూడాలి. అయితే ఏ ప్రశ్నతో చదవాలో చెప్పేది ఆ అనుభవమే. అది లేకుండా చదివితే మరో నివేదిక రాసే ఉద్యోగి తయారవుతుంది. మన సంస్థలకు అలాంటి నివేదికల కొరత లేదు.

ఇలాంటి దరఖాస్తులు దిద్దిపెట్టమని పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలు మనందరికీ తారసపడుతుంటారు. భాష దిద్దుదాం. కారణాన్ని మాత్రం దిద్దవద్దు. ఎవరి నొప్పి విషయంగా లెక్కకు వస్తుంది, ఎవరిది గోడుగా మిగిలిపోతుంది అన్నది తేలేది ఆ కాగితం మీదే. కొట్టేసిన వాక్యాన్ని మొదటి వాక్యంగా పెట్టమని ఆ అమ్మాయికి చెప్పాను. పెడుతుందో లేదో ఆమె ఇష్టం. అడగడం మన పని.