కొయ్యపై మొలిచే చెవి అందరికీ ఔషధమేనా?

అడవిలో పుట్టిన ప్రతి వస్తువూ ఔషధమేనన్న నమ్మకం మన గృహాలలో నానాటికీ బలపడుతున్నది. కొయ్యచెవి అనే జిగురు పుట్టగొడుగు విషయంలో ఈ నమ్మకాన్ని కొంత సడలించుకోవాలని నా అభిప్రాయం.

మా వినుకొండ నుండి నంద్యాల వైపు వెళ్ళే రైలు గిద్దలూరు దాటగానే నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది. అటువంటి కొండ అడవులలో వానాకాలంలో కూలిన మానులపై గోధుమవర్ణపు జిగురు శిలీంధ్రాలు మొలుస్తాయి. ఎండకు బెరడువలె ముడుచుకొని, తడి తగలగానే తిరిగి ఉబ్బుతాయి. కుళ్ళిన కొయ్యను మట్టిగా మార్చడం వీటి పని. వీటిలో చెవి ఆకారంలో ఉండేదే కొయ్యచెవి. చైనాలో దీనిని సాగుచేస్తారు. ఎండబెట్టినది మన పట్టణాలలోనూ లభిస్తున్నది.

ఇది మన శాస్త్రంలోని మహౌషధమని చెప్పడం సరికాదు. సుశ్రుతుడు గడ్డి, చెరకు, పేడ, వెదురు, నేల వీటిపై పుట్టే వాటిని శాకాలలో చేర్చాడు; ఆ జాబితాలో కుళ్ళిన కొయ్య లేదు. చరకుడు సర్పఛత్రకాన్ని వర్జించమని, తక్కిన ఛత్రజాతులు శీతములు, గురువులు, పీనసకారకములని హెచ్చరించాడు. కనుక జలుబు, మందాగ్ని గలవారికి ఇవి పథ్యం కావు.

ఆధునిక పరిశోధన మరొక జాగ్రత్త తెలిపింది. కొయ్యచెవి కలిసిన చైనా వంటకం తిన్నవారిలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల చురుకుదనం తగ్గుతున్నదని అమెరికా వైద్యుడు డేల్ హామర్‌ష్మిట్ 1980లో ప్రకటించారు. గుండెజబ్బుకు రక్తాన్ని పలుచబరచే మాత్రలు వాడే పెద్దలు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు వైద్యుని అడగనిదే దీనిని తినరాదు. "వనమూలికే కదా, ఏమవుతుంది?" అన్న ధోరణి ఇక్కడ ప్రమాదకరం.

ఆరోగ్యవంతులు రుచికోసం తినదలచినచో, సాగుచేసినదానినే కొని, కొద్దిసేపు మాత్రమే నానబెట్టి, బాగుగా ఉడికించి, వెంటనే భుజించాలి. చాలా గంటలు బయట నానితే ఒక రకం బాక్టీరియా పెరిగి, వండినా నశించని విషాన్ని పుట్టించగలదు. అడవిలో కనిపించినదానిని ఆకారం చూసి గుర్తుపట్టామనుకొని ఇంటికి తేరాదు.

గృహవైద్యానికి మనకు అల్లం, మిరియాలు, తులసి ఉన్నాయి. వాటి గుణదోషాలు తరతరాలుగా మనకు తెలుసు. తెలియనిదానిని తెలియనిదిగా గౌరవించడమూ వైద్యవివేకమే. కొయ్యచెవిని అడవిలో దాని పనికి విడిచిపెడదాం.