పచ్చ లైటు ఎవరి కోసం?



సిటీలో ట్రాఫిక్ జామ్ అనగానే బండ్లు ఎక్కువైపోయాయి అంటారు. అది సగం నిజమే. ఎన్ని వస్తున్నాయన్నదే కాదు, ఎలా వస్తున్నాయన్నది కూడా చూడాలని నా అభిప్రాయం.

సెలవుల్లో చందానగర్‌లో మా చిన్నమ్మ ఇంటికి పోయినప్పుడు ముంబై హైవే పక్కన నిలబడి చూశాను. మియాపూర్ వైపు నుండి బండ్లు ఒకటొకటిగా రావు, మందలాగా వస్తాయి. వెనక సిగ్నల్ పచ్చ పడగానే ఆగినవన్నీ ఒకేసారి కదులుతాయి కదా! ముందు బైకులు, ఆటోలు (ఇవి సందు దొరికితే దూరిపోతాయి), తర్వాత కార్లు, చివర ఆర్టీసీ బస్సు. ఈ మందను ఇంజనీర్లు 'ప్లటూన్' అంటారు.

మన మెస్ లైను తీసుకోండి. బెల్లు కొట్టగానే ఎనిమిదో తరగతి మొత్తం గుంపుగా వస్తుంది. వడ్డించే అన్న అప్పటికే గంటె పట్టుకొని ఉంటే లైను సాఫీగా పోతుంది. గుంపు వచ్చాక ఆయన గిన్నె కోసం లోపలికి పోతే? వెనక తొమ్మిదో తరగతి వచ్చి కలుస్తుంది. ఇంక అరుపులే.

సిగ్నల్ లెక్కా అంతే. రెండు సిగ్నళ్ల మధ్య 600 మీటర్లు అనుకోండి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. మొదటిచోట పచ్చ పడిన దాదాపు 60 సెకన్లకు మంద రెండోచోటికి చేరుతుంది. అక్కడ పచ్చ ఇంకొంచెం ముందే పడాలి. ఎందుకంటే పక్క సందుల నుండి వచ్చి ఆగినవి ముందు కదలాలి. ఒక లైన్లో బండికి సుమారు 2 సెకన్లు. పది బండ్లుంటే 20 సెకన్లు అక్కడే పోయె! దూరం పెరిగితే మంద చెదిరిపోతుంది కూడా. ఇంగ్లండులో రాబర్ట్‌సన్ అనే ఆయన 1960లలోనే ఈ చెదరడానికి లెక్క కట్టాడు.

ఇక నా అసలు మాట. సిగ్నళ్లను ఇలా కలిపితే బండ్లు ఆగకుండా పోతాయని అందరూ మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది వేరే కారణానికి. మంద చెదరకుండా పోతే దాని వెనక ఖాళీ మిగులుతుంది. నడిచేవాళ్లకు అదే దారి. సిగ్నళ్లు దేనికదే మారితే ఆ ఖాళీని మిగతా బండ్లు నింపేస్తాయి. మూట పట్టుకున్న ముసలమ్మ ఎంతసేపు నిలబడాలి?

మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క. 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు కావాలి. ఆ 20 ముందు పక్కన పెట్టి, తర్వాతే బండ్లకు పంచాలంటాను. బండ్ల లైను పెరగదా అని వార్డెన్ సారు అడగొచ్చు. కొంచెం పెరుగుతుంది సార్. కానీ రేపు మనలో చదువుకో పనికో హైదరాబాదు పోయేవాళ్లలో కారులో తిరిగేది ఎందరు? బస్సు దిగి రోడ్డు దాటేవాళ్లమే ఎక్కువ.

– 10వ తరగతి, 'బి' సెక్షన్