యంత్రమునకు దుబాసీ

డ్రైవరనగానే మన బాలబాలికలకు పామర్రు కూడలినుండి నలుదిక్కులకు బస్సులు నడుపువారు జ్ఞప్తికి వత్తురు. ఇందు జెప్పబోవు డ్రైవరు మనుష్యుడు కాడు. అది కంప్యూటరు లోపల నుండు నొక వ్రాత. కంప్యూటరు పాడుటకును, పాఠము చదివి వినిపించుటకును, మన మాట ఆలకించుటకును అదియే యాధారము. దీనిని గూర్చి విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనవలసిన విషయ మొకటి కలదని నా యభిప్రాయము. మన వంటి పాఠశాలలు కొనబోవు యంత్రములకును, పారవేయనెంచు యంత్రములకును ఆ విషయముతో దగ్గర సంబంధము గలదు.

1611వ సంవత్సరమున ఇంగ్లీషు కంపెనీవారు మన మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. దొరలకు తెలుగు రాదు. నేతగాండ్రకు ఇంగ్లీషు రాదు. కావున అట్టి వర్తకము దుబాసీల నోటిమీదుగా సాగవలసి వచ్చెను. దుబాసీ నమ్మకస్థుడైనచో ఉభయులకును మేలు. తానొక్కడే యెరిగిన భాషను దాచుకొని బేరమును గుప్పిట బెట్టుకొన్నచో ఉభయులును వాని దయకు లోబడవలసినదే. కంప్యూటరులోని డ్రైవరు ఇట్టి దుబాసీయే. శబ్దము పుట్టించు చిప్పులను అనేక కంపెనీలవారు చేయుచున్నారు. చిప్పు మారినచో దాని భాషయు మారును. పాట వినిపింపగోరు ప్రోగ్రాము ఆ భాషలలో నొక్కదానినైన నెరుగదు. అది తన కోరికను ఆపరేటింగు సిస్టమునకు విన్నవించును. సిస్టము దానిని డ్రైవరునకు అప్పగించును. డ్రైవరు దానిని చిప్పునకు తెలియు భాషలోనికి మార్చి చెప్పును.

ఈ దుబాసీ పని తేలిక యని తలంపరాదు. శబ్దము కంప్యూటరులో అంకెల వరుసగా నుండును. కాంపాక్టు డిస్కునందలి సంగీతమునకు ఒక్కొక్క చెవికి సెకనునకు 44,100 కొలతలు. ఒక్కొక్క కొలతకు రెండు బైట్లు. రెండు చెవులకును వెరసి సెకనునకు 1,76,400 బైట్లు. చిప్పు వీనిని ఎడతెగక త్రాగుచుండును. ప్రాసెసరునకు వేరు పనులు పెక్కులుండుటచే, డ్రైవరు మెమొరీలో నొక తొట్టిని ఏర్పరచును. దీనికే బఫరని పేరు. ప్రోగ్రాము ఒకవైపున నింపుచుండ, చిప్పు వేరొకవైపున తోడుకొనుచుండును. కొంత భాగము ఖాళీ కాగానే చిప్పు హెచ్చరిక పంపును. డ్రైవరు మరల నింపించును. సెకనునకు 48,000 కొలతల చొప్పున తోడినచో, 4,800 కొలతలు పట్టు తొట్టి సెకనులో పదవ వంతులోనే వట్టిపోవును. ఆలోగా నింపనిచో పాట తెగును. కృష్ణా కాలువల క్రింద వ్యవసాయము చేయువారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. పైతూము వేళకు తీయనిచో శివారు భూమి బీటలు వారును. తొట్టిని మిక్కిలి పెద్దదిగా చేసినచో తెగుట తగ్గును గాని, పలికిన మాట ఆలస్యముగా వినబడును. ఈ రెంటి నడుమ సరియైన కొలత నేర్పరచుటలోనే డ్రైవరు వ్రాయువాని నేర్పు కలదు.

వర్కుస్టేషనులను శక్తిమంతములైన కంప్యూటరులు మొదట విశ్వవిద్యాలయములలోను, పరిశోధనాలయములలోను ముఖ్యముగా నుండెడివి. 1989లో సన్ మైక్రోసిస్టమ్సు కంపెనీవారు వెలువరించిన స్పార్క్‌స్టేషన్ 1 అను యంత్రమున శబ్దపు చిప్పు అమర్చబడి యుండెను. సెకనునకు 8,000 కొలతలు, ఒక్కొక్కదానికి ఒక్క బైటు. అనగా టెలిఫోనులో వినబడునంతటి స్వరము. అయినను దాని డ్రైవరు చూపిన మార్గము సరళమైనది. ‘దేవ్ ఆడియో’ అను పేరుగల ఫైలులో అంకెలు పోసినచో యంత్రము పలుకును. దానినుండి చదివినచో మైక్రోఫోనులోని మాట చేతికందును.

అటు పిమ్మట సామాన్యుల కంప్యూటరులకు లినక్సు అను సిస్టము వచ్చెను. 1992లో ఫిన్లాండు దేశీయుడైన హన్ను సావొలైనెన్ దానికి శబ్దపు డ్రైవరులను వ్రాయ నారంభించి, మూలలేఖనముతో సహా లోకమున కిచ్చెను. కొంతకాలమునకు ఆ పనిలోని క్రొత్త భాగములు మూలలేఖనము చూపక అమ్మబడు సరకయ్యెను. తొలుత ఇచ్చినది మాత్రము తెరచియే యుండెను గనుక ఇతరులు దానిని కాపాడుచు వచ్చిరి. 1998లో చెక్ దేశీయుడైన యారొస్లావ్ కైసెలా ‘ఆల్సా’ యను క్రొత్త పద్ధతికి పూనుకొనెను. అనేకుల శ్రమచే పెరిగి అది 2002లో లినక్సు కెర్నెలునందు చేరెను. 2007లో సావొలైనెన్ పద్ధతియొక్క మూలలేఖనము మరల బయలుపడెను గాని, అప్పటికి లినక్సువారు ఆల్సాను అనుసరించి యుండిరి. ఈ చరిత్ర మనకు బోధించున దేమన, మూలలేఖనము తెరచియున్నచో ఒకరు విడిచిన పనిని వేరొకరు చేపట్టవచ్చును; మూసియున్నచో చేసినవాడు విడిచిన నాడే ఆ పని నిలిచిపోవును.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమయ్యెను. ఆ కాలపు రేడియో పెట్టె మూగపోయినచో మూత విప్పి చూచి బాగుచేయు పనివాడు దొరకెడివాడు. మూయబడిన డ్రైవరునకు విప్పుటకు మూతయే లేదు.

ఇది మన పాఠశాలల గుమ్మమునకు వచ్చిన సమస్య. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణ ముగిసెను. 2017నకు పూర్వపు యంత్రములలో పెక్కులు విండోసు 11నకు తగినవి కావని వారి నిబంధన. ఆ యంత్రములు చెడలేదు. చిప్పు పలుకగలదు, స్పీకరు మ్రోగగలదు. పాత చిప్పునకు క్రొత్త దుబాసీని నియమించుటలో అమ్మినవానికి లాభము లేదు. లినక్సునందో, పది పదునైదేండ్ల నాటి చిప్పుల డ్రైవరులు సైతము కెర్నెలులోనే నిలిచియున్నవి. తలిదండ్రులు కష్టపడి కట్టిన రుసుముతో కొనిన యంత్రమును, దుబాసీ లేడను మాత్రమున చెత్తకు పంపుట ధర్మమా?

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. కనులున్నవానికి కంప్యూటరు మూగపోవుట ఒక చిక్కు మాత్రమే. చూపులేని విద్యార్థికి స్వరము పోయినచో యంత్రమే పోయినట్లు. ఏలయనగా స్క్రీన్ రీడరను ప్రోగ్రాము తెరమీది అక్షరములను చదివి వినిపించుటచేతనే అతడు చదువును, వ్రాయును, పరీక్షకు సిద్ధపడును. లినక్సునందు ‘ఓర్కా’ అను స్క్రీన్ రీడరు ఉచితముగా లభించును. ‘ఈస్పీక్ ఎన్‌జీ’ అను పలుకు యంత్రాంగము తెలుగును సైతము పలుకును. ఇవన్నియు ఉన్నను, అడుగున డ్రైవరు పనిచేయనిచో ఆ బాలుని బల్లమీద నల్లని పలక మాత్రమే మిగులును. అంధులను త్రోవలో విడిచిపోని ప్రభువు పేరట నెలకొన్న పాఠశాల, ఆ బాలుని స్వరమును ఒక కంపెనీ లెక్కల పుస్తకమునకు అప్పగింపరాదని నా దృఢమైన నమ్మకము.

ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. ఉద్యోగములలో విండోసునే అడుగుదురు, మా పిల్లలకు లినక్సేల యని కొందరు తలిదండ్రు లందురు. ఒక సిస్టమును లోతుగా నేర్చినవాడు రెండవదానిని త్వరలోనే నేర్వగలడు. బస్సు నడుపువాడు లారీకి భయపడడు గదా. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో 2001లో ఆరంభమైన ‘ఐటీ ఎట్ స్కూల్’ పథకము క్రమముగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే ఆశ్రయించి విద్య నేర్పినది. హైదరాబాదునందలి ‘స్వేచ్ఛ’ సంస్థవారు సాఫ్ట్‌వేరును తెలుగులోనికి తెచ్చుటకు పాటుపడుచున్నారు. లినక్సునందు ప్రతి శబ్దపు చిప్పును మొదటి దినముననే పలుకునా యను ప్రశ్నయు న్యాయమైనదే. పలుకదు. కొన్ని క్రొత్త ల్యాపుటాపులలో స్పీకరు మూగగానో, మైక్రోఫోను చెవిటిదిగానో యుండుట కలదు. కావుననే కొనుటకు ముందే పరీక్ష అవశ్యము.

నా మనవి మూడు మాటలు. మొదటిది, కంప్యూటరు కొనునపుడు ధరతోబాటు, దాని శబ్దపు చిప్పునకు కెర్నెలులో తెరచియున్న డ్రైవరు కలదా యని యడుగవలెను; పెన్ డ్రైవునుండి లినక్సును నడిపి స్పీకరు, హెడ్‌ఫోను, మైక్రోఫోను మూడింటిని పరీక్షింపవలెను. రెండవది, పాత యంత్రమును పారవేయుటకు ముందు దానికి లినక్సు నెక్కించి చూడవలెను. మూడవది, పై తరగతుల విద్యార్థులలో ఆసక్తి గలవారికి డ్రైవరు మూలలేఖనము నొక్కటియైన తెరచి చూపవలెను. మొదట వారికి పది పంక్తులే బోధపడవచ్చును. ఆ పది పంక్తులే మేలు.

విద్యార్థులారా, యంత్రము పాడినపుడు పాటను మెచ్చుకొనుడు. అది మన మాటను తనదానికి, తన మాటను మనదానికి మార్చిన దుబాసీని గూర్చియు నాలోచింపుడు. మీలో నొకడు ఏదో యొక దినమున మూగయైన యంత్రమునకు నోరు తెప్పించి, చూపులేని సహాధ్యాయిని మరల చదువునట్లు చేసినచో, ఈ పాఠశాల కంప్యూటరు గదికి పెట్టిన ఖర్చు సార్థకమైనట్లే.