ఆలస్యమే అసలు కత్తెర

రాజకీయ డాక్యుమెంటరీని మన ప్రభుత్వాలు బాహాటంగా నిషేధించడం తక్కువే. నిషేధిస్తే అదొక వార్తవుతుంది, నలుగురూ వెతుక్కుని మరీ చూస్తారు. అంతకంటే తేలికైన దారి నాన్చడం. డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్ యాభై ఏళ్ల సినీ జీవితాన్ని వరసగా చూస్తే ఈ పద్ధతి బాగా తెలుస్తుంది. బీహార్‌లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం మీద తీసిన తొలి సినిమాను ఎమర్జెన్సీలో ముక్కలుగా దేశం దాటించాల్సి వచ్చింది. అప్పటి శత్రువు కళ్లెదుటే ఉన్నాడు. ఆ తర్వాతి సినిమాలకు ఎదురైంది ఫైళ్లూ, అప్పీళ్లూ.

‘రామ్ కే నామ్’ సంగతే చూడండి. 1990లో సోమనాథ్ నుంచి అయోధ్య దిశగా సాగిన రథయాత్ర, దాని వెంట చెలరేగిన హింస అందులో ఉన్నాయి. సినిమా బయటికొచ్చేనాటికి బాబ్రీ మసీదు ఇంకా నిలిచే ఉంది. సెన్సార్ సర్టిఫికెట్ వచ్చింది, జాతీయ అవార్డూ వచ్చింది. దూరదర్శన్ మాత్రం కోర్టు చెప్పాక గానీ చూపించలేదు. అప్పటికి మసీదు కూలి ఏళ్లు గడిచాయి. ముందు జాగ్రత్తగా పనికిరావాల్సిన సినిమా పోస్టుమార్టం రిపోర్టుగా మిగిలింది. 1995 నాటి ‘ఫాదర్, సన్ అండ్ హోలీ వార్’ ప్రసారం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. తీర్పు వచ్చింది 2006లో. పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాతి యుద్ధోన్మాదం మీద తీసిన ‘వార్ అండ్ పీస్’కు సెన్సార్ బోర్డు కోతలు పెట్టింది. ఒక్క కోతా లేకుండా చూపించుకోవచ్చని 2003లో బొంబాయి హైకోర్టు చెప్పింది. గెలుపులే ఇవన్నీ. కాకపోతే కేసు నడిచినన్నాళ్లూ సినిమా పెట్టెలోనే ఉంది.

ఆయన సినిమాలు ఏకపక్షమనీ, ప్రజల డబ్బుతో నడిచే ఛానెల్ వాటినెందుకు చూపించాలనీ అడిగేవాళ్లున్నారు. ఆయనకో పక్షం ఉన్న మాట నిజమే, దాన్ని ఆయనెప్పుడూ దాచలేదు. సుమారు నాలుగు గంటల ‘వివేక్’లో దృశ్యం చెప్పగలిగినదాన్ని కూడా వ్యాఖ్యానమే చెప్పేస్తోందనిపిస్తుంది. కానీ డాక్యుమెంటరీ నిజాయితీకి కొలత వేరే ఉంది: ఎదుటిపక్షం మాటను తెర మీదికి రానిచ్చాడా, లేదా? ‘రామ్ కే నామ్’లో కరసేవకులు తమ నమ్మకాన్ని తమ నోటితోనే చెబుతారు. అదే సినిమాలో, అయోధ్య రామజన్మభూమికి కోర్టు నియమించిన పూజారి లాల్‌దాస్ ఇదంతా ఓట్ల కోసం, డబ్బు కోసం ఆడుతున్న ఆట అని తేల్చేస్తాడు. 1993లో ఆయన్ను చంపేశారు. ఆ సాక్ష్యం ఈరోజు మనకు మిగిలిందంటే పక్షపాతి అనిపించుకున్న ఈ దర్శకుడి వల్లే. ఇలా సాక్ష్యాన్ని నిలబెట్టిన సినిమా ఇంకొకటుంది. 1997లో ముంబై రమాబాయి నగర్‌లో పోలీసులు పదిమంది దళితులను కాల్చి చంపారు. ఆ వేదనతో గాయకుడు విలాస్ ఘోగ్రే ఉరి వేసుకున్నాడు. ‘జై భీమ్ కామ్రేడ్’ పూర్తి కావడానికి ఆ తర్వాత 14 ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యం మాత్రం పట్వర్ధన్ కోరి చేసింది. కేసులు, తీర్పులు, ఎన్నికల పొత్తులు ఎటు తిరుగుతాయో చూస్తూ కెమెరా అక్కడే ఉంది.

చివరికి కోర్టులు న్యాయం చేశాయి కదా, పైగా ఇప్పుడు యూట్యూబ్ ఉంది కదా అంటారు. పదేళ్లు వకీళ్ల చుట్టూ తిరిగే ఓపిక, స్తోమత ఎంతమంది కుర్ర దర్శకులకుంటాయి? ఇక యూట్యూబ్‌లో ఎవరి ఫోన్లో వారు చూసుకోవచ్చు. నలుగురూ ఒకచోట కూర్చుని చూసి మాట్లాడుకుంటేనే చిక్కు. 2019లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఈ ‘రామ్ కే నామ్’నే వేయబోతే పోలీసులు విద్యార్థులను పట్టుకెళ్లారు. 2024 జనవరిలో, అయోధ్య ప్రాణప్రతిష్ఠకు రెండు రోజుల ముందు, హైదరాబాద్‌లోనే సైనిక్‌పురిలోని ఒక కేఫ్‌లో ప్రదర్శన ఆపించి, వేసినవాళ్ల మీద కేసు పెట్టారు. రెండుసార్లకీ మధ్య రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. పోలీసుల తీరు మారలేదు. అందుకే, సర్టిఫికెట్ ఉన్న సినిమాను ఆపిన అధికారి కారణాన్ని ఆరోజే కాగితం మీద రాసివ్వాలి. జాతీయ అవార్డు వచ్చిన ప్రతి డాక్యుమెంటరీనీ దూరదర్శన్ ఏడాదిలోగా, జనం మేలుకుని ఉండే వేళలో ప్రసారం చేయాలి. అవార్డు ఇచ్చేదీ ప్రభుత్వమే, ఛానెల్‌ను పోషించేదీ ప్రభుత్వ నిధులే కాబట్టి దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.