బూడిదలో నిలిచిన డెక్కల గుర్తులు



పశువుల దొడ్డి అంటే మన జంగారెడ్డిగూడెం ప్రాంతపు రైతు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. చుట్టూ దడి, ముందర తడిక, లోపల పేడ. అటువంటి దొడ్డి ఒకటి నాలుగు వేల ఏండ్లు దాటినా చెరిగిపోలేదంటే నమ్ముతారా?

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే చోట ఒక బూడిద దిబ్బ ఉన్నది. (ఆదిలాబాదు వైపు ఉట్నూరు వేరు.) ఇటువంటి దిబ్బలు బళ్ళారి వైపు కూడా ఉన్నవి. అవి రాక్షసులను కాల్చిన బూడిద అని జనులు చెప్పుకొనేవారు. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే ఆంగ్లేయ పురావస్తు శాస్త్రజ్ఞుడు ఉట్నూరు దిబ్బను త్రవ్వించి చూడగా, అది కాలిన పేడ అని తేలినది. దడికొరకు మొద్దులు పాతిన గుంటలు కనబడినవి. దడి కాలుట, మరల కట్టుట పలుమారులు జరిగినది. ఇనుము ఎరుగని ఆ కాపరుల పశువుల డెక్కల గుర్తులు సహితము బూడిదలో నిలిచియున్నవి!

ఇంగ్లాండులో సుద్దనేల గుట్టమీద, విండ్‌మిల్ హిల్ అనే చోట, ఇంకను పూర్వపు పశుపాలకులు త్రవ్విన మూడు వలయాల కందకములున్నవి. ఆ దేశము వాటిని చట్టముచేత కాపాడుచున్నది.

మరి మనము? ఎన్నో బూడిద దిబ్బలను ఎరువుకొరకు తవ్వుకొని పోయారు. మేమును నిర్దోషులము కాము. ఒకప్పుడు మందిర ఆవరణ మెరక చేయుటకు పాటిమన్ను తోలించినాము. అందులో పెంకులు, పూసలు వచ్చినవి. పిల్లలు ఏరుకొని, "అయ్యగారండీ, ఇవి ఎవరివండీ?" అని అడిగినారు. జవాబు తెలియక "పారవేయండి" అన్నాము. ఆ మాట నేటికీ మమ్మును గద్దించుచున్నది. యొర్దాను దాటిన ఇశ్రాయేలీయులు పన్నెండు రాళ్ళు నిలిపినది, పిల్లలు అడిగిన దినమున జవాబు చెప్పుటకే గదా (యెహోషువ 4). పితరులు నాటిన పొలిమేర రాతిని కదల్చవద్దని సామెతలు 22:28 బోధించుచున్నది.

కాబట్టి పాటిదిబ్బలో పాత వస్తువులు కనబడితే పని ఆపి తహశీల్దారుకు తెలియజేయండి. జీలకర్రగూడెం వద్ద గుంటుపల్లి గుహలకు వెళ్ళే యౌవనులారా, ఆ రాళ్ళమీద మీ పేర్లు చెక్కవద్దు.

పేరు తెలియని ఆ కాపరులు కాలిన దొడ్డిని విడిచిపెట్టక మరల కట్టుకొన్నారు. పశువులమీద వారికి అంత శ్రద్ధ ఉంటే, మనకొరకు ప్రాణము పెట్టిన మంచి కాపరికి తన మందమీద ఇంకెంత శ్రద్ధ! (యోహాను 10) ఆయన మన ఇండ్లను కాయునుగాక. ఆమేన్.