జవాబు చెప్పుకోవలసిన మాట

ఈమధ్య పత్రికకు వస్తున్న రచనల్లో గిరిజన తాత్వికత మీద వ్యాసాలు బాగా పెరిగాయి. భాష నున్నగా ఉంటుంది. పేరాలు సమంగా ఉంటాయి. అచ్చుతప్పు వెదికినా కనపడదు. అరకు గురించి మొదలుపెట్టినా, నల్లమల చెంచుల గురించి మొదలుపెట్టినా అన్నీ చివరికి ఒకే చోటికి చేరతాయి: అడవి బిడ్డలు ప్రకృతితో మమేకమై బతుకుతారు, భూమిని తల్లిగా కొలుస్తారు, మనం వాళ్ల నుంచి నేర్చుకోవాలి. చాట్‌బాట్ సాయం తీసుకున్నామని కొందరు దాచకుండానే చెబుతున్నారు. సాయం తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. కాంట్ ఏమన్నాడో, నాగార్జునుడి శూన్యవాదం ఏమిటో పాడేరులో ఇంటర్ చదివే పిల్ల అడిగి తెలుసుకునే వీలు ఇదివరకు లేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ వీలు కలిగింది. గ్రంథాలయాలు పక్కనే ఉన్న పట్నవాసులు దాన్ని చులకన చేయడం తగదు.

నా బాధ వేరు. ఆ వ్యాసాల్లో మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు. ఎవరు ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు, అవతలివాళ్లు ఒప్పుకున్నారా లేదా అన్నది ఎక్కడా ఉండదు.

విశాఖ మన్యం ఊళ్లలో కొత్తల పండగలే తీసుకోండి. మామిడి కొత్త జరక్కుండా మామిడిపండు నోట పెట్టరు, కంది కొత్త జరక్కుండా కొత్త కందులు వండరు. ముందు దేవుళ్లకు, పెద్దలకు పెట్టాకే తాము తింటారు. ప్రకృతి పట్ల గౌరవం అని దీన్ని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు, యంత్రం అలాగే తేలుస్తుంది కూడా. కానీ మంచిరోజు దిసారి చూడాలి, ఊరు సరే అనాలి. ఈలోగా చెట్టు కింద పండు రాలి ఉంటుంది, చంటివాడు చేయి చాస్తాడు. ఆ చేతిని ఆపినవాళ్లు ఎందుకు ఆపారో వాడికి అర్థమయ్యేలా చెప్పాలి. ఒక్కో ఇంట్లో ఒక్కోలా చెబుతారు. నేను తత్వచర్చ అనేది దాన్నే.

ఆ మాటలు ఇప్పటికి యంత్రం చెవిన పడలేదు. అది నేర్చుకునేది ప్రధానంగా రాతలో ఉన్నదాని నుంచి. కొండ, కువి, గదబ, పోర్జ భాషల్లో రాతలో ఉన్నది బహు తక్కువ. 2011 జనగణనలో కొండ భాష మాట్లాడేవారు 60 వేల పైచిలుకు. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో తిరిగి ఆ భాషను పరిశీలించి రాసిన గ్రంథం 1969లో వచ్చింది. అంతకు చాలా ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరలను ఇంటికి పిలిపించుకుని, వాళ్ల దగ్గర కూర్చుని సవర నేర్చుకున్నారు. 1938లో సవర–ఇంగ్లిషు నిఘంటువు తెచ్చారు. వ్యాకరణం, నిఘంటువు ఉన్నంత మాత్రాన ఆ భాషలో పెద్దల సంభాషణ అచ్చులోకి వచ్చినట్టు కాదు. ఈ లోటు కొంత తీరవచ్చు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025లో తెచ్చిన ఆదివాణి అనువాద యాప్ సంతాలీ, భిలీ, ముండారీ, గోండీలతో మొదలైంది. ఈ కొండల కుయి భాషను కూడా చేర్చే ప్రయత్నం ఉంది. రేపో మాపో కువి, సవర కూడా చేరవచ్చు. చేరాలనే నా కోరిక.

చేరినా తీరని లోటు ఒకటుంది. దాన్ని సవరల దగ్గరే స్పష్టంగా చూడవచ్చు. అరకు నుంచి కొండల వరస వెంట ఈశాన్యంగా పోతే సీతంపేట, ఆపైన ఒడిశా గజపతి జిల్లా. అక్కడి సవరలు చనిపోయినవారితో మాట్లాడేవారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో వాళ్ల మతం మీద పెద్ద పుస్తకం రాశాడు. 1975 నుంచి వాళ్ల మధ్య బతికి, భాష నేర్చుకున్న మరో మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ఆ సంభాషణల మీదే ఒక గ్రంథం ప్రచురించాడు.

పూనకం పలికే స్త్రీ కాళ్లు బారచాపి కూర్చుంటుంది. పాట సాగుతూ ఉండగా ఆమె ఒళ్లు కొయ్యబారుతుంది. పక్కవాళ్లు బిగుసుకున్న కాళ్లూ చేతులూ సడలిస్తారు. అప్పటి నుంచి ఆమె నోట ఒకరి తర్వాత ఒకరుగా చనిపోయినవారు వస్తారు. కల్లు అడుగుతారు, నిష్ఠూరమాడతారు. బతికున్నవారు చుట్టూ మూగి, ఎలా పోయావు, ఎవరు తీసుకుపోయారు, మమ్మల్ని ఎందుకు పీడిస్తున్నావు అని నిలదీస్తారు. విటెబ్‌స్కీ నమోదు చేసిన ఒక సంభాషణలో చనిపోయిన చిన్నపిల్ల వచ్చి తల్లిని తన బంగారు ముక్కుపుడకలు ఏవని అడుగుతుంది. చితిలో కాలిపోయుంటాయనీ, వెదికినా దొరకలేదనీ తల్లి నచ్చజెబుతుంది. ఒక్కసారితో తేలే వ్యవహారం కాదిది. ఏళ్ల తరబడి మాట్లాడతారు. మొదట రోగం తెచ్చే కోపిష్టిగా వచ్చినవారే మెల్లగా శాంతించి, వంశానికి అండగా నిలిచే పెద్దలవుతారు. చివరికి వాళ్ల పేరు కొత్తగా పుట్టిన బిడ్డకు పెడతారు. మరణం అంటే ఏమిటి, పోయినవారికి మనం ఏం బాకీ ఉన్నాం, దుఃఖం ఎప్పుడు తీరుతుంది అన్న ప్రశ్నలను సవరలు ఊరందరి ముందూ ఇలా విచారించారు.

ఒక అభ్యంతరం రావచ్చు. ఆ స్త్రీ కూడా తనకు తెలిసిన సంగతులను కూర్చి పలుకుతోంది కదా, యంత్రం చేసేదీ అదే కదా అని. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. ఆమెకు ఆ కుటుంబాల తగాదాలు, చావులు, అప్పులు అన్నీ తెలుసు. తేడా పలుకు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాంట్లో లేదు. వచ్చాక దానికి ఏం జరుగుతుందన్న దాంట్లో ఉంది. అక్కడ వినేవాళ్లు ఊరుకోరు, అడ్డుతగులుతారు, వాదిస్తారు. అంగీకరిస్తే బలి ఇవ్వాలి, గింజలు తీయాలి, పాత తగాదా ఒకటి తీర్చుకోవాలి. పలికిన స్త్రీ మర్నాడు అదే ఊళ్లో, వాళ్ల మధ్యే ఉంటుంది.

ఇప్పుడు చనిపోయినవారితో మాట్లాడించే యంత్రాలూ వచ్చాయి. 2015లో మాస్కోలో రోడ్డు ప్రమాదంలో పోయిన రోమన్ మజురెంకో సందేశాలన్నీ పోగుచేసి, స్నేహితురాలు యూజీనియా కుయ్‌డా మరుసటి ఏడాది అతనిలా జవాబిచ్చే చాట్‌బాట్ చేయించింది. ఆమె దుఃఖాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ రోమన్‌కు ముక్కుపుడకలు అక్కర్లేదు. అతను బతికున్నవారి నుంచి ఏదీ కోరడు, వాళ్లు మారితే మారడు, మరో బిడ్డకు పేరై వెళ్లిపోడు. మామూలు చాట్‌బాట్‌కు ఇంకో జబ్బు కూడా ఉంది. మనిషికి నచ్చేలా మాట్లాడటం. 2025 ఏప్రిల్‌లో ఓపెన్ఏఐ తన చాట్‌జీపీటీ నమూనాకు చేసిన ఒక మార్పును, అది మితిమీరి ముఖస్తుతి చేస్తోందని కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. రాత్రి ఒంటరిగా ఫోన్ పట్టుకుని, నేను చేసింది సరేనా అని అడిగే పిల్లకు, సరే అనడమే అలవాటైన గొంతుతో తత్వచర్చ సాగదు.

సవరల్లో ఎక్కువమంది యువకులు ఆ పూనకాలు వదిలి బాప్టిస్టు క్రైస్తవంలోకి వెళ్లారు. విటెబ్‌స్కీయే 2017లో ఆ సంగతి ఇంకో పుస్తకంగా రాశాడు. అది వాళ్ల నిర్ణయం. పాత పద్ధతికి తిరిగి వెళ్లమనే హక్కు నాకు లేదు. నేను అడిగేది ఆ పద్ధతిలో ఉన్న కట్టుబాటు గురించి.

ఆ కట్టుబాటు పూనకాల్లోనే ఉందనుకోకండి. ఒడిశాలోని నియమగిరి మీద బాక్సైట్ తవ్వకం వల్ల అక్కడి డోంగ్రియా కొందుల మతహక్కులకు భంగం ఉందో లేదో గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జులై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 పల్లెల్లో, జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదుట సభలు జరిగాయి. దేవుడు ఉండేది ఒక గుడి దగ్గరా, కొండంతానా అన్న ప్రశ్న ప్రభుత్వ కాగితం మీదకు వచ్చింది. కొండంతా నియమరాజుదేనని డోంగ్రియా కొందులు చెప్పారు. 12 పల్లెలూ తవ్వకం వద్దన్నాయి. అరకు పక్కనే బొర్రా భూముల లీజులతో మొదలై 1997లో సమత తీర్పుదాకా వెళ్లిన పోరాటంలోనూ భూమి ఎవరిదన్న ప్రశ్నను అక్కడ బతుకుతున్నవాళ్ల తరఫున కోర్టు మెట్లెక్కించినది సమత అనే స్వచ్ఛంద సంస్థ. అదే ప్రశ్న చాట్‌బాట్‌ను అడిగితే ఇరుపక్షాల వాదనా చక్కగా చెబుతుంది. చదవదగ్గట్టే చెబుతుంది. వద్దన్న తర్వాత రాని రోడ్డు, రాని ఉద్యోగం దానికి లేవు. ఒప్పుకుంటే పోయే కొండా దానికి లేదు. డోంగ్రియాలు ఆ రెండూ ఎదురుగా పెట్టుకుని నోరు విప్పారు.

అందుకే ఇకమీదట ఈ పత్రికలో గిరిజన ఆలోచన మీద వ్యాసాలకు కొన్ని షరతులు పెడుతున్నాం. యంత్రం సాయం తీసుకున్నారా లేదా అని అడగం. ఏ ఊళ్లో, ఏ సందర్భంలో, ఏ భాషలో విన్నారో రాయండి. చెప్పినవారు ఇష్టపడితే పేరు, లేదంటే ఊరు చాలు. అరకు, డుంబ్రిగుడ, ముంచింగిపుట్టు, సీతంపేట వైపు బడుల్లో పనిచేసే టీచర్లు, అక్కడి నుంచి కాలేజీలకు వచ్చిన పిల్లలు ముందు రావాలని కోరుతున్నాం. కువిలో అన్నమాట కువిలోనే తెలుగు లిపిలో రాసి, కింద తెలుగు ఇవ్వండి. ఇంట్లో భిన్నంగా చెప్పుకుంటే ఆ భిన్నాభిప్రాయమూ రాయండి. పంపేముందు రాసినదాన్ని చెప్పినవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు దిద్దమన్న చోట దిద్ది పంపండి. వద్దంటే పంపకండి.